గడ్డి కొనని రోజులు

పాల డైరీలో పనిచేసినవాళ్ళకి, వెన్న పరీక్షకి వాడే అమిల్ ఆల్కహాల్ వాసన బతికున్నన్నాళ్ళూ గుర్తుంటుంది. బాగా మగ్గిన అరటిపండు వాసనలో ఘాటు కలిసినట్టుండి, గొంతు పట్టుకుని దగ్గు తెప్పిస్తుంది. మొన్న వర్తూరు పక్క ఒక ఊళ్ళో పాత డైరీ గది ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున ఆ సీసా ఒకటి దొరికింది. పాలు పోసేవాళ్ళు లేక అక్కడి సొసైటీ ఎప్పుడో మూతపడింది. గదిని కొరియర్‌వాళ్ళు బాడుగకి తీసుకున్నారు. సీసాతో పాటు వెన్న కొలిచే గాజు గొట్టాలు, అదే మూతలు పోయిన బ్యూటిరోమీటర్లు, పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు ఒకటి, చెదలు తిన్న పద్దు పుస్తకాలు బయటపడ్డాయి.

బెంగళూరుకి తూర్పున, ఆగ్నేయాన ఉన్న ఊళ్ళు, అంటే వర్తూరు, గుంజూరు, సర్జాపురం, ఆనేకల్లు వైపు, తెలుగిళ్ళకి కొదవ లేదు. డైరీలో పద్దు కన్నడంలో రాసేవాళ్ళం, తగాదా తెలుగులో పడేవాళ్ళం. ఇంటికి రెండు ఆవులు, కాస్త కలిగినవాళ్ళకి నాలుగు. ముప్పై ఆవుల షెడ్డంటే హెసరఘట్టలో సర్కారువాళ్ళకే ఉంటుందనుకునేవాళ్ళం. ఇప్పుడు ఊరికొకటో రెండో ఆ ముప్పై ఆవుల షెడ్లే మిగిలాయి. రెండు ఆవుల ఇళ్ళే పోయాయి.

తెల్లవారుజాము

వెలుగు రాకముందే కొట్టాల్లో చప్పుడు మొదలయ్యేది. పలుపు విప్పిన దూడ ఉరుకు, చెంబులో తొలి ధార పడినప్పుడు రేకు చప్పుడు. చెంబు నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడి నురగలో కలిసిపోయేది. ఎంతసేపటికి మెత్తబడిందో విని పక్కింట్లో పడుకున్నవాళ్ళు కూడా ఈ పూట పాలెన్నో చెప్పేసేవాళ్ళు.

ముందు దూడని వదిలి నాలుగు చన్నులూ నోట పెట్టించాలి. నిమిషం తిరక్కుండా ఆవు చేపుతుంది, పొదుగు బిగుస్తుంది. అక్కణ్ణించి అయిదు నుంచి ఏడు నిమిషాలే గడువు. ఆలోపు కుక్క అరిచినా, కొత్త మనిషి కొట్టంలో కాలుపెట్టినా బెదిరి ఎగచేపుతుంది. ఇంక ఎంత బతిమాలినా బొట్టు రాదు. బొటనవేలు మడిచి గుంజి పిండేవాళ్ళని పెద్దాళ్ళు తిట్టేవాళ్ళు. అలా పిండితే చన్ను లోపలి పొర నలిగి గట్టిపడుతుంది, కొన్నాళ్ళకి పొదుగువాపు వస్తుంది. పిడికిలి నిండా చన్ను పట్టుకుని, పైనుంచి కిందికి వేలు తర్వాత వేలు నొక్కుతూ రావాలి. పిండాక ఆవుని వెంటనే పడుకోనివ్వకూడదు. చన్ను కొన రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. అందుకే గాడిలో మేత ఆ తర్వాతే వేసేవాళ్ళు, తింటూ నిలబడి ఉంటుందని. పశువైద్యులు ఇప్పుడు పాలు పిండగానే చన్నులు అయొడిన్ మందులో ముంచమని చెప్పేది కూడా ఆ అరగంట కోసమే.

దూడ చచ్చిపోతే తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించేవాళ్ళు. పిండేముందు దాన్ని ఆవు ముందు నిలబెడితే నాకి నాకి చేపేది. చూడ్డానికి కడుపులో దేవినట్టుండేది. ఆ తర్వాతి కాలంలో కొన్ని కొట్టాల్లో దానికి బదులు ఆక్సిటోసిన్ సూది వచ్చింది. పూటపూటా పొడిస్తే సూది లేకుండా చేపడమే మరిచిపోతుంది ఆవు, ఎదకు రావడమూ గాడి తప్పుతుంది. ఆ రెంటిలో గడ్డి దూడే నయం.

ఫ్యాటు ఎంతొచ్చింది?

డైరీ ముందు వరసలో మనుషులకంటే ముందు చెంబులు నిలబడేవి. స్టీలు క్యాన్లు, సత్తు బిందెలు, మూతకి గుడ్డ కట్టిన తపేలాలు. ఎవరి చెంబు ఎక్కడుందో దాన్నిబట్టి వాళ్ళ వంతు. ఆడవాళ్ళు చంకలో పిల్లని దించి చెంబు ఎత్తేవాళ్ళు, మళ్ళీ పిల్లని ఎత్తుకుని చీటీ తీసుకునేవాళ్ళు. సంతకం మాత్రం పుస్తకంలో మగవాడి పేరు మీదే.

పాలు కలియబెట్టకుండా నమూనా తీస్తే కొలత తప్పుతుంది. మొదటి ధారల్లో వెన్న ఒక శాతం పలక్కపోవచ్చు, చివరి ధారల్లో ఆరేడు దాటుతుంది. చివరి పాలు దూడకి వదిలేసే దయగల ఇల్లాలికి డైరీలో ఫ్యాటు తక్కువే వచ్చేది. "నీళ్ళు పోయలేదు నాయనా, నా బిడ్డ మీద ఒట్టు" అని ఏడ్చినంత పని చేసేవాళ్ళు. నిజంగానే పోసి ఉండరు.

లాక్టోమీటరుకి కూడా పెంకితనం ఉంది. అప్పుడే పిండిన పాలల్లో గాలి బుడగలుంటాయి, అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కనీసం అరగంట ఆగి ముంచాలి. 27 డిగ్రీల దగ్గర గీతలు పెట్టిన లాక్టోమీటరైతే, పాలు అంతకంటే వెచ్చగా ఉన్న ప్రతి డిగ్రీకి సుమారు 0.2 కలిపి చదవాలి. ఆవుపాలకి 28, 30 మధ్య వస్తే మంచిదే. కానీ వెన్న తీసి, ఆనక నీళ్ళు పోసే తెలివైనవాళ్ళు ఉండేవాళ్ళు. వెన్న తీస్తే అంకె పెరుగుతుంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది, రెండూ చేస్తే సరిగ్గా నిలుస్తుంది. అందుకే లాక్టోమీటరు ఒక్కటే నమ్మితే లాభం లేదు, వెన్న కొలిచే గెర్బర్ పరీక్ష చేయాల్సిందే.

బ్యూటిరోమీటర్లో ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్ 10 మిల్లీలీటర్లు. దానిమీద గాజు గోడ వెంబడి నిదానంగా పాలు 10.75 మిల్లీలీటర్లు. పైన అమిల్ ఆల్కహాల్ 1 మిల్లీలీటరు. పాలు గబుక్కున పోస్తే యాసిడ్ మీద పడి మాడిపోతాయి, ఆఖర్న కొవ్వు గీత కింద నల్ల నలకలు తేలి ఎక్కడ చదవాలో తెలియదు. యాసిడ్ ఘాటు ఎక్కువైనా అంతే. పలచనైతే పెరుగు ముక్కలు కరక్కుండా తెల్లగా మిగిలిపోతాయి. యాసిడ్‌ని పలచన చేసేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. ఈ సంగతి తెలిసీ తొందరపడిన టెస్టర్ల చొక్కాలకి చిల్లులుండేవి. మూత బిగించి, గుడ్డలో చుట్టి తలకిందులు చేస్తూ ఊపితే గొట్టం చేతిలో కాలుతుంది, లోపల కాఫీ రంగుకొస్తుంది. 65 డిగ్రీల వేడినీళ్ళలో అయిదు నిమిషాలు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో నాలుగైదు నిమిషాలు, మళ్ళీ వేడినీళ్ళు. అప్పుడు సన్నటి మెడలో తేనె రంగు గీత నిలుస్తుంది. ఆవుపాలకి 3.5 ఫ్యాటు, 8.5 ఎస్సెనెఫ్, అంటే వెన్న కాక మిగిలిన గట్టి పదార్థం, వస్తే ధర పూర్తిగా వచ్చినట్టు.

సెంట్రిఫ్యూజ్ తిప్పేటప్పటి ఆ గుయ్యిమనే మోత, బయట వరసలో గుసగుసలు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ మిషన్లో నమూనా పెడితే నిమిషంలోపు చీటీ వస్తుంది. మంచిదే, యాసిడ్ పీడ పోయింది. దాన్ని రోజూ కడగకపోతే, నెలకోసారైనా సరిచూసుకోకపోతే అదీ తప్పే చూపిస్తుందని మాత్రం చీటీ మీద రాసి ఉండదు.

గడ్డి

ఫ్యాటు పడిపోయిందంటే కారణం నూటికి తొంభైపాళ్ళు మేతలో ఉంటుంది. ఎండుగడ్డి తగ్గి, అన్నమూ దాణా పెరిగితే వెన్న పడిపోతుంది. గడ్డిలోని పీచు కడుపులో పులిసి తయారయ్యేదానితోనే ఆవు వెన్న కడుతుంది. ఎస్సెనెఫ్ పడిపోయిందంటే ఆవుకి సత్తువ చాలడం లేదనో, పొదుగువాపు మొదలైందనో అర్థం. ఆ పద్దు పుస్తకాలు వరసగా తిప్పితే ఊరి పొలాలు ఏ ఏడు ఎలా కరిగిపోయాయో ఫ్యాటు అంకెల్లోనే కనబడుతుంది.

అప్పట్లో గడ్డికి డబ్బు పెట్టినవాళ్ళు లేరు. రాగి కోతలయ్యాక ఇంటింటి పెరట్లో వామి లేచేది. రాగిగడ్డి బాగా ఎండబెట్టి వామి కుదురుగా వేస్తే రెండు మూడేళ్ళయినా చెడదు, పైగా వరిగడ్డి కంటే సున్నం, అంటే కాల్షియం, ఎక్కువ. వరిగడ్డి ఒక్కటే మేపితే ఉన్న సున్నాన్ని కూడా అది పట్టి ఉంచేస్తుంది. చలికాలం అనపకాయల పొట్టు. వానాకాలం గట్ల మీద కలుపు. ఇంట్లో కుడితి తొట్టిలో బియ్యం కడుగు, తవుడు, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు. ఎండాకాలం మాత్రం చెరువు.

వర్తూరు చెరువు, బెళ్ళందూరు చెరువు అంచుల్లో నీటిగడ్డి నడుము లోతు పెరిగేది. తెల్లారి మగవాళ్ళు గోచీ బిగించి దిగి కొడవలితో కోసేవాళ్ళు, మోపులు సైకిల్ వెనక కట్టుకుని వచ్చేవాళ్ళు. నీళ్ళు కారుతూ రోడ్డంతా తడి గీత. ఆవులు ఎగబడి తినేవి, పాలు ఒక లీటరు పెరిగేవి. ఎంత పచ్చగా ఉందో అంత సంబరం.

ఆ పచ్చదనం నగరం మురుగు. నత్రజని ఎక్కువైన నీళ్ళలో పెరిగిన గడ్డిలో నైట్రేటు పోగుపడుతుంది. ఆకలి మీదున్న ఆవుకి అది ఒక్కటే కడుపు నిండా వేస్తే నెత్తురు గోధుమరంగుకి తిరిగి, ఊపిరి అందక గంటల్లో పడిపోతుంది. మిథిలిన్ బ్లూ సూది వేళకి దొరికితేనే బతుకుతుంది. ముందు రాగిగడ్డి వేసి, తర్వాత నీటిగడ్డి కలిపి వేసే ఇళ్ళలో ఆ ప్రమాదం అంతగా లేదు. ఎందుకలా వేస్తున్నారని అడిగితే, "మా అత్త అట్లే వేస్తా ఉండె" అనేవాళ్ళు. సీసం, కాడ్మియం లాంటి లోహాల సంగతి వేరు. వాటికి అత్తల దగ్గర విరుగుడు లేదు. మురుగునీటి మొక్కలు వాటిని పీల్చుకుంటాయి, అవి గడ్డి నుంచి పాలదాకా రాగలవు. ఆ గడ్డి మేపవద్దని చెప్పడం తేలికే. దానికి బదులు ఏం మేపాలో చెప్పినవాళ్ళు కనబడలేదు.

2007లో 110 గ్రామాలనీ ఏడు నగరసభలనీ ఒక పురసభనీ కలిపి బృహత్ బెంగళూరు నగరపాలిక చేశారు. కాగితం మీద ఊళ్ళు ఆ ఏడు నగరమయ్యాయి కానీ పొలాలు అంతకుముందే లేఅవుట్లయ్యాయి. రాగి చేను పోతే రాగిగడ్డి పోయింది, గట్టు పోతే కలుపు పోయింది. 2017లో, 2018లో బెళ్ళందూరు చెరువు అంటుకుని దేశమంతా టీవీలో చూసినప్పుడు చెరువు గురించీ నురగ గురించీ అందరూ మాట్లాడారు. ఆ గడ్డి మీద బతికే కొట్టాలు అక్కడ ఉన్నాయని ఎక్కువమందికి తట్టలేదు. ఆ తర్వాత పూడిక తీయడానికి నీళ్ళు తోడేశారు. చెరువుకి అది జరగాల్సిందే. మేత మాత్రం పోయింది.

గడ్డి పోయినచోట ఏమేం వచ్చాయంటే: మార్కెట్లో పారేసిన కాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ తొక్కలు, కళ్యాణమండపాల్లో మిగిలిన అన్నం, బీరు ఫ్యాక్టరీల పొట్టు.

బీరు పొట్టులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి. కానీ తడి పొట్టులో అయిదింట నాలుగు పాళ్ళు నీళ్ళే. టన్ను కొంటే రెండు క్వింటాళ్ళ మేత వచ్చినట్టు లెక్క. ఎండలో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. బూజు విషం పాలలోకి దిగుతుంది. ఆ విషం, అఫ్లటాక్సిన్ ఎం1, కిలో పాలకి 0.5 మైక్రోగ్రాము దాటకూడదని దేశంలో నిబంధన. గాలి తగలకుండా డ్రమ్ములో గట్టిగా అదిమి, పైన ఉప్పు చల్లి, ప్లాస్టిక్ పట్టా కప్పితే కొన్నాళ్ళు ఆగుతుంది. రోజుకి ఒక ఆవుకి ఎనిమిది, పది కిలోలు దాటించకూడదు.

పెళ్ళి అన్నం ఇంకా ప్రమాదం. ముహూర్తాల రోజుల్లో డ్రమ్ములకొద్దీ ఊరికే వస్తుంది, పారేయడానికి మనసొప్పదు. అలవాటు లేని ఆవు ఒక్కపూటలో బకెట్టు అన్నం తింటే లోపల పులిసి పుల్లటి నీరవుతుంది. మర్నాటికి నెమరు ఆగుతుంది, ఎడమ డొక్క బిగుస్తుంది, పేడ బూడిదరంగులో పుల్లటి కంపు కొడుతుంది, తూలుతుంది. తినే సోడా నీళ్ళలో కలిపి తాగించి డాక్టరు కోసం చూడాలి. బతికినా గిట్టలు దెబ్బతిని కుంటుతుంది. ఆ డ్రమ్ముల్లో అరిటాకులతో పాటు ప్లాస్టిక్ గ్లాసులు, పువ్వుల దండల తీగలు కూడా వస్తాయి. తీగ ముక్క రెండో పొట్టలోంచి గుచ్చుకుని గుండెదాకా పోతుంది. నగరం ఆవు జబ్బుల్లో అదొకటి.

సీమావు

నాటావు పూటకి లీటరు, లీటరున్నర. విదేశీ రక్తం కలిసిన సీమావు వచ్చాక పూటకి ఆరూ ఏడూ. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉండడం, రాత్రిళ్ళు చల్లబడడం హోల్‌స్టీన్ అనే ఆ విదేశీ జాతి రక్తానికి సరిపోయింది. ఆడుగోడిలో 1923 నుంచి పాడి పరిశోధన సంస్థ ఉంది. 1927లో గాంధీగారు అక్కడికి వెళ్ళి పాడి పని చూశారు. 1955లో దాని ప్రధాన కార్యాలయం కర్నాల్‌కి వెళ్ళాక కూడా ఇక్కడ శాఖ నిలిచింది. హెసరఘట్టలో గడ్డకట్టించిన వీర్యం తయారుచేసే కేంద్రం. ఇన్ని ఒకచోట కుదిరిన ఊరు దక్షిణాదిలో మరోటి లేదేమో.

కృత్రిమ గర్భధారణ చేసే మనిషి సైకిల్ మీద వచ్చేవాడు. ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రం చేయించాలి, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున. తీగలా సాగే జిగురు, పక్క ఆవు మీదికెక్కడం, ఉన్నట్టుండి పాలు తగ్గడం, అరుపు, వీటిని బట్టి ఇంట్లో ఆడవాళ్ళు పసిగట్టేవాళ్ళు. ఆ ఒక్కరోజు దాటితే మళ్ళీ 21 రోజులు. 21 రోజుల మేత వట్టిపోయినట్టే. వీర్యం నింపిన సన్నటి పుల్ల, స్ట్రా అంటారు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటుంది. తీసిన వెంటనే 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతుల మధ్య రుద్ది, జేబులో పెట్టుకుని వెచ్చబరిచేవాళ్ళ చేతిలో ఆవులు చూడి నిలిచేవి కావు. ఒక స్ట్రా తీయడానికి స్ట్రాలన్నీ ఉన్న గొట్టాన్ని క్యాను మూతి పైకి ఎత్తి పట్టుకుని వెతికితే మిగతావన్నీ పాడవుతాయి. అలా పాడైన సంగతి కంటికి కనబడదు. ఆవు కట్టలేదని, కర్మ అని సరిపెట్టుకునేవాళ్ళు.

తరాలు మారేసరికి సీమ రక్తం మరీ ఎక్కువైంది. సగం నుంచి 62.5 శాతం దాకా ఉంటే మన ఎండకి ఆగుతుందని నిపుణులు చెబుతూనే వచ్చారు. పాలకాశపడి మళ్ళీ మళ్ళీ హోల్‌స్టీన్‌తోనే కట్టించారు. ఇప్పుడు ఏప్రిల్ ఎండలో ఫ్యాను, పైన తుంపర నీళ్ళు లేకపోతే ఆ ఆవులు నోరు తెరిచి రొప్పుతాయి. ఎదకొచ్చిన సంగతి కూడా బయటికి కనబడదు. ఈనిన రెండు మూడు రోజుల్లో పాల జ్వరం. మెడ పక్కకి తిప్పి పడుకుంటుంది, చెవులు చల్లబడతాయి. కాల్షియం సీసా ఒళ్ళంత వెచ్చగా చేసి నరంలోకి నిదానంగా ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సరిగ్గా ఎక్కిస్తే చచ్చిందనుకున్న ఆవు అరగంటలో లేచి నిలబడి పేడ వేస్తుంది. పశువైద్యంలో అంత కళ్ళముందు కనబడే గెలుపు ఇంకోటి లేదు.

కోడెదూడ పుడితే

నాటావుకి కోడెదూడ పుడితే పండగ. హళ్ళికార్ ఎడ్ల జోడీ అంటే ఊళ్ళో పరువు. దొడ్డబళ్ళాపురం పక్క ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో పళ్ళు చూసి, సుడులు చూసి, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళు. సీమ కోడెకి మూపురం ఉండదు, కాడి నిలవదు, ఎండకి ఆగదు. ట్రాక్టరు వచ్చాక నాటు కోడెకే పని లేదు, దీనికెక్కడిది? పుట్టిన వారానికే దూడ కనబడకుండా పోయేది. ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

పాత గోవధ చట్టం కాలంలో వట్టిపోయిన ఆవుని, ముసలి ఎద్దుని బేరగాడు వచ్చి తోలుకుపోయేవాడు. ఆ డబ్బు కొంత కలిపితేనే కొత్త పడ్డ వచ్చేది. 2021 మొదట్లో అమల్లోకొచ్చిన కర్ణాటక చట్టం ఆవు, ఎద్దు, దూడ ఏ వయసుదైనా వధించకూడదంది. 13 ఏళ్ళు దాటిన ఎనుములకే మినహాయింపు. చట్టం మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, ఇంటింటికీ వేరు. లెక్క మాత్రం అందరికీ ఒకటే: బేరగాడు రావడం మానేశాడు. పాలివ్వని ఆవు కూడా రోజుకి అయిదారు కిలోల ఎండుగడ్డి తింటుంది, అరవై లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. రెండావుల ఇంట్లో ఒకటి వట్టిపోతే, రెండోదాని పాలు మొదటిదాని కడుపుకే సరి. రాత్రిపూట రోడ్డు మీదికి వదిలేసిన ఆవులు ఎవరివని అడిగితే ఎవరివీ కావు.

లింగనిర్ధారణ చేసిన వీర్యం వచ్చాక నూటికి తొంభై వరకు పెయ్యలే పుడుతున్నాయి. ధర ఎక్కువ, కట్టే అవకాశం మామూలు దానికంటే కొంచెం తక్కువ, అందుకే తొలి ఈత పడ్డలకి వాడితే మేలంటారు. కోడెల చిక్కుకి ఇన్నాళ్ళలో పనికొచ్చిన జవాబు అదొక్కటే. ముసలావుల చిక్కుకి అదీ లేదు.

రెండు జబ్బుల సంవత్సరాలు

2013 గాలికుంటు గురించి కోలారు, రామనగర, బెంగళూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. నోట్లో పుళ్ళు, నురగ, గిట్టల మధ్య పురుగులు. మామూలుగా గాలికుంటుకి పెద్దావులు చావవు, పాలు పోతాయంతే. ఆ ఏడు చచ్చాయి. దూడలైతే గుండె దెబ్బతిని నిలబడినవి నిలబడినట్టే కూలాయి. టీకా ఆరునెలలకోసారి పడాలి, మంచుపెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య రావాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో తిరిగిన టీకా నీళ్ళతో సమానం. "టీకా వేస్తే పాలు తగ్గుతాయి" అని కొట్టం తలుపు వేసుకునే ఇళ్ళు కూడా ఉండేవి. రెండు మూడు రోజులు తగ్గేమాట నిజమే.

2022లో ముద్ద చర్మం జబ్బు. ఈగలు, దోమలు, గోమార్లు మోసుకొస్తాయి. జ్వరం, ఒళ్ళంతా నిమ్మకాయంత గడ్డలు, అవి పగిలి పుళ్ళు. మేకల అమ్మోరు టీకానే ఆవులకీ వేశారు. ఆ ఏడు చాలా చోట్ల జాతరల్లో పశువుల సంతలు జరగలేదు. బతికిన ఆవులు కూడా ఈత దాటి ఈత దాకా కోలుకోలేదు. రెండావుల ఇళ్ళు చాలావరకు ఆ ఏడుతో ఆపేశాయి. పోయిన ఆవు స్థానంలో ఇంకోటి కొనడానికి బ్యాంకు అప్పు దొరుకుతుంది, కట్టేయడానికి చోటు దొరకదు.

పేడ

సీమావు రోజుకి 25, 30 కిలోల పేడ వేస్తుంది. పొలం ఉన్నప్పుడు అది ఎరువు, ఇంటి ముందు కళ్ళాపి, పిడక. పొలం లేకపోతే అది చెత్త. కాలువలోకి తోసేస్తే పక్క అపార్టుమెంటువాళ్ళు ఫిర్యాదు చేస్తారు. వాళ్ళదీ తప్పు కాదు, ఈగలు నిజం, వాసన నిజం. కొన్నవాళ్ళకి కొట్టం ముందునుంచీ ఉందని తెలియదు, తెలిసినా ముక్కు ఊరుకోదు. రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాసుకి రోజూ 50 కిలోల పేడ చాలు, అంటే రెండావులు. నలుగురి వంట అయిపోతుంది. కానీ గుంతకి చోటు కావాలి, బయటికొచ్చే పలచటి పేడనీళ్ళకి మడి కావాలి. అక్కడ అడుగు నేల అంటే లక్షలు.

పాలకి డబ్బు పెరగలేదా అంటే పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వం 2008లో లీటరుకి 2 రూపాయల ప్రోత్సాహకం మొదలుపెట్టి, 2013లో 4, 2016లో 5 చేసింది. దానివల్లే ఆగినవాళ్ళు ఉన్నారు. కానీ పది లీటర్లిచ్చే ఆవుకి ఒంటికి కిలోన్నర, పాలకి రెండున్నర లీటర్లకి కిలో చొప్పున నాలుగు, మొత్తం అయిదున్నర కిలోల దాణా కావాలి. ఇరవై కిలోల పచ్చిగడ్డి, అయిదు కిలోల ఎండుగడ్డి, 50 గ్రాముల ఖనిజ మిశ్రమం. పాత పుస్తకాల్లోని ఇళ్ళలో ఇందులో డబ్బిచ్చి కొన్నవి చెక్క, తవుడు, అంతే. మిగతాది చెరువుది, చేనుది, ఇంటి ఆడమనిషి రెక్కలది. పాలధర ఎప్పుడూ ఆ మూడింటి ఖర్చు మొయ్యలేదు. అవి ఊరికే వచ్చాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు కట్టేస్తానంటే

మొన్న గది ఖాళీ చేసినరోజు సాయం పట్టిన కుర్రాడొకడు, పాత సభ్యుడి మనవడు. వైట్‌ఫీల్డులో ఉద్యోగం. మాలూరు దగ్గర మామగారిది రెండెకరాలుంది, పదావులతో షెడ్డు వేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. నాటావు పాలని ఏ2 పాలని పేరు పెట్టి, సీసాల్లో పోసి అపార్టుమెంట్లకి అమ్మొచ్చని ఎవరో చెప్పారట. నాటావు పాలకి ధర ఎక్కువ పలుకుతుంది నిజమే, కానీ పూటకి లీటరున్నర ఇచ్చే ఆవుకి కూడా మనిషి కూలి అంతే. ఇంటింటికీ సీసా చేర్చడానికి అయ్యే ఖర్చు పాలు తీసే ఖర్చుతో పోటీ పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి మిగిలిన పాలు ఎవరు కొంటారన్నది ముందే తేల్చుకోవాలి. డైరీ సభ్యత్వం వదులుకోవద్దని చెప్పాం.

పదావులు ఒకేసారి కొనొద్దు. ముందు ఎకరా నేపియర్ గడ్డి నాటు. తొలికోతకి 75 రోజులు, ఆ తర్వాత 45 రోజులకోసారి. ముదిరితే కాడ కట్టెలా అవుతుంది, కత్తిరింపు మిషను లేకుండా సగం గాడిలోనే మిగులుతుంది. నీళ్ళున్న ఎకరా అయిదారు ఆవులకి నిదానంగా సరిపోతుంది. అప్పుడు రెండావులు తెచ్చుకో, ఒకటి ఈనినది, ఒకటి ఏడునెలల చూడిది, పాలు ఆగకుండా. పాలమిషను కొంటే వాక్యూమ్ 40, 50 కిలోపాస్కల్స్ మధ్యలో ఉందా అని రోజూ ముల్లు చూడు. చన్ను కప్పుల లోపలి రబ్బరు లైనర్లు 2500 పిండులకి మార్చు, పగలలేదని వాడుతూ పోతే పగుళ్ళలో సూక్ష్మజీవులు చేరి పొదుగులు పోతాయి. పాలు ఆగాక కూడా కప్పులు చన్నులకే వదిలేసే పనివాడుంటే మిషను లేకపోవడమే మంచిది.

అతను అన్నీ ఫోన్లో రాసుకున్నాడు. నీళ్ళ సంగతి అడిగితే, బెంగళూరు కోరమంగళ-చల్లఘట్ట లోయ నుంచి శుద్ధిచేసిన మురుగునీళ్ళు 2018 నుంచి కోలారు వైపు చెరువులకి వస్తున్నాయని, బోరు కొంచెం పైకొచ్చిందని చెప్పాడు. మళ్ళీ బెంగళూరు నీళ్ళే. గడ్డి వేసేముందు బోరు నీళ్ళు పరీక్ష చేయించుకోమన్నాం, నైట్రేటుకీ లోహాలకీ. వట్టిపోయిన ఆవుల్ని ఏం చేస్తావంటే జవాబు లేదు. పనికి ఎవరుంటారంటే బీహారు నుంచి వచ్చిన ఒక జంట దొరికిందన్నాడు. వాళ్ళు దీపావళికి ఊరెళ్ళినప్పుడు ఎవరు పిండుతారంటే భార్య వైపు చూశాడు. ఆమె సెంట్రిఫ్యూజ్ పిడి తిప్పి చూస్తోంది.

"పేడ ఏం చేస్తావ్?"

"దానికి పర్లేదు సార్, పక్కన గులాబీ తోటలోళ్ళు ట్రాక్టరు లెక్కన తీసుకుంటామన్నారు. వానాకాలం మాత్రం వద్దన్నారు, ట్రాక్టరు దిగబడతాదంట."

నాలుగు నెలల పేడ, పదావులది, ముప్పై టన్నుల పైమాటే. కింద సిమెంటు గచ్చు, పైన రేకు, వాలు చూసి పక్కన ఒక గుంత. రెండెకరాల్లో దానికి ఎంత చోటు తీసేయాలో అక్కడే పద్దు పుస్తకం వెనక అట్ట మీద గీసి చూపించాం.